పాఠ్యవృక్షము: శాఖాక్రమము, అనువృత్తి

చదువదగిన విషయమును శాఖలుగను ఉపశాఖలుగను విభజించి చూపుట మన శాస్త్రకారులకు క్రొత్త కాదు. అమరసింహుని నిఘంటువు కాండములుగను వర్గములుగను, పాణినీయము అధ్యాయములుగను పాదములుగను, చిన్నయసూరి బాలవ్యాకరణము పరిచ్ఛేదములుగను ఏర్పడియున్నవి. కంప్యూటరునందును చేతిఫోనునందును చదువు సాగుచున్న ఈ కాలమున నా విభజనమే సాఫ్ట్‌వేరు రూపమున మఱల మన యెదుట నిలిచినది. విషయము ప్రకాండముగను, అందలి ప్రకరణములు కొమ్మలుగను, వాని విభాగములు రెమ్మలుగను, ఒక్కొక్క ప్రశ్నయో వాక్యమో పత్రముగను అమర్పబడిన యీ నిర్మాణమును నేనీ వ్యాసమున పాఠ్యవృక్షమని వ్యవహరింతును. పాఠ్యవృక్షమువలన విద్యార్థికి గలుగు మేలెట్టిది, కీడెట్టిది, ఆ కీడునకు మన పూర్వులు చేసికొనిన ప్రతిక్రియ లెవ్వి, వానిని నేటి సాఫ్ట్‌వేరుల కెట్లన్వయింపవచ్చును అను విషయములను విమర్శించుట నా యుద్దేశము.

ఈ విచారణకు కారణము నాకు తరగతిలోనే దొరకినది. నేను తిరువూరున నధ్యాపకుడను. విజయవాడ ప్రాంతమునుండి మైలవరము మీదుగా కొత్తగూడెము పోవు రహదారిపై, ఖమ్మము జిల్లా పొలిమేరకు దాపున, మామిడితోటల నడుమ నున్న ఈ పట్టణము 2022 వఱకు కృష్ణాజిల్లాలో నుండి, ఆ యేట ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినది. చుట్టుపట్ల గ్రామములనుండి బస్సులలో వచ్చు మా విద్యార్థులలో పెక్కుమంది ఉపాధ్యాయనియామక పరీక్షలకు సిద్ధపడుచుందురు. ప్రయాణకాలమున ఫోను చేతబట్టి పాఠము వల్లెవేయుట వారికి పరిపాటి. వారిలో నొక విద్యార్థిని తెలుగు సంధులను ఆంకీ యను సాఫ్ట్‌వేరున ముచ్చటగా శాఖలుగా నమర్చుకొన్నది. వ్యాకరణము ప్రకాండము, సంధి యొక కొమ్మ, సరళాదేశము, గసడదవాదేశము మున్నగునవి రెమ్మలు, ఒక్కొక్క రెమ్మకు పదేసి కార్డులు.

సరళాదేశపు రెమ్మలో నొక కార్డుపై 'పకారమునకు వచ్చునది యేది?' అని ప్రశ్నయు, 'బకారము' అని సమాధానమును కలవు. గసడదవాదేశపు రెమ్మలో నదే ప్రశ్నకు 'వకారము' అని సమాధానము. రెండును సరియైనవే. ద్రుతము మీది పరుషము సరళమగును గాన 'చూచెను' అనుదానిపై 'పులిని' అనునది చేరి 'చూచెను బులిని' యగును. ప్రథమావిభక్తి మీది పరుషములకు గసడదవలు బహుళముగా వచ్చును గాన 'రాముడు' అనుదానిపై 'పలికె' చేరి 'రాముడు వలికె' యగును. రెమ్మ వెంట రెమ్మగా చదివినంతకాలము ఆ విద్యార్థిని యొక్క తప్పైనను చేయలేదు. ఒకనాడు కార్డులన్నియు కలగలుపుగా వచ్చునట్లు చేసికొనగా బకార వకారములు తాఱుమాఱైనవి. తాను చదువు మఱచితినేమో యని యామె నాయొద్దకు వచ్చి వగచినది. ఆ కార్డులను చూడగా మఱపునకు తావే లేదని నాకు తోచినది. ఆమె సమాధానములను ఇంతకాలము ప్రశ్నలనుండి గాక, తాను నిలిచియున్న రెమ్మ పేరునుండి తెచ్చుకొనుచుండెను. పరీక్షాపత్రమున రెమ్మ పేరుండదు. పద్యము చదువునపు డంతకంటె నుండదు.

పాఠ్యవృక్షమువలని మేలును మొదట నంగీకరింపవలెను. క్రొత్తగా నేర్చువానికి విడివిడి విషయములకంటె శాఖాబద్ధమైన విషయము సులువుగా పట్టుబడుననుట యనుభవసిద్ధము. 1969లో గార్డన్ బవర్ మొదలగు మనస్తత్త్వవేత్తలు ప్రకటించిన ప్రయోగమొకటి దీనికి ప్రసిద్ధమైన యుపపత్తి. వారు 112 పదములను ఖనిజములు మున్నగు జాతులనుబట్టి నాలుగు వృక్షములుగా నమర్చి కొందఱకు చూపిరి. అవే పదములను వృక్షాకారముననే, కాని సంబంధము లేకుండ చెదరగొట్టి మఱి కొందఱకు చూపిరి. మొదటివారు తొలి పర్యాయముననే రెండవవారికంటె మూడింతలకు పైగా పదములను జ్ఞప్తికి తెచ్చుకొనగలిగిరి. కావున ఆకారము మాత్రముననే ఫలము కలుగదు. కొమ్మకును రెమ్మకును అర్థసంబంధమున్నపుడే వృక్షము జ్ఞాపకమునకు నిచ్చెన యగును. ఇచట నొకటి గమనింపవలెను. ఈ ప్రయోగమున పరీక్షింపబడినది ఒక పట్టిక నంతటిని తిరిగి చెప్పగల శక్తి. నడుమనుండి యొక పత్రమును తెంపి యడిగినపుడు చెప్పగల శక్తి వేఱు. మా విద్యార్థినికి కొఱవడినది యీ రెండవది.

ఈ భేదము మన సంప్రదాయమున నెట్లు గుర్తింపబడినదో చూతము. అమరకోశమున 3 కాండములు, 25 వర్గములు కలవు. స్వర్గముతో నారంభించి, ఆకాశము, దిక్కులు, కాలము గడచి, పాతాళమునకును జలమునకును దిగి, రెండవ కాండమున భూమి, పురము, పర్వతము, ఓషధులు, మృగములు, మనుష్యుల వఱకు నడచిన ఆ క్రమము ప్రపంచపటమువంటిది. ఏ వస్తువున కేది యిరుగుపొరుగో దానివలన తెలియును. గురుబాలప్రబోధిక వంటి తెనుగు టీకల తోడ్పాటుతో మన బాలు రీ వృక్షమును తరతరములుగా నెక్కిరి. ఐనను వర్గము మొదటినుండి వల్లించిన తప్ప నడిమి పర్యాయపదము నోట రాని బాలుని మన పెద్ద లెఱుగనివారు కారు. వృక్షము నెక్కుటకు నేర్చినవాడు ప్రతిసారియు మొదలునుండియే యెక్కవలసి వచ్చుట యా చదువునందలి లోపము.

అమరసింహునకు మఱియొక చిక్కు కూడ నెదురైనది. ఒకే శబ్దము పలుకొమ్మలకు చెందినపుడు దాని నెచట నుంచవలెను? హరిశబ్దమును తీసికొందము. విష్ణువు, ఇంద్రుడు అను నర్థములలో నది స్వర్గవర్గమునకు, సూర్యుడను నర్థమున దిగ్వర్గమునకు, కప్ప యను నర్థమున వారివర్గమునకు, సింహము, కోతి యను నర్థములలో సింహాదివర్గమునకు, గుఱ్ఱమను నర్థమున క్షత్రియవర్గమునకు చెందవలసియున్నది. ఒక్క పత్రము, అయిదు కొమ్మలు. దీనికై యతడు తన వృక్షమును విఱుగగొట్టలేదు. పత్రమును బలవంతముగా నొక కొమ్మకు కట్టివేయనును లేదు. మూడవ కాండమున నానార్థవర్గమను ప్రత్యేకవిభాగము నేర్పఱచి, అందలి శబ్దములను అర్థమునుబట్టి గాక, కడపటి హల్లునుబట్టి కాంతములు, ఖాంతములు అను క్రమమున నుంచెను. అనగా, ఒకే గ్రంథమున రెండు క్రమములు: తెలిసికొనుట కర్థక్రమము, వెదకుకొనుట కక్షరక్రమము. పైడిపాటి లక్ష్మణకవి యాంధ్రనామసంగ్రహమును దేవ, మానవ, స్థావర, తిర్యగ్వర్గములతోపాటు నానార్థవర్గమును గలిగి యీ మార్గమునే యనుసరించినది. వృక్షమున కిమిడినవానిని వృక్షమునను, ఇమడనివానిని వేఱొక క్రమమునను ఉంచుట విభజనమునందలి నిజాయితీ. చిన్నయసూరి 1858లో వెలువరించిన బాలవ్యాకరణమును ప్రకీర్ణక పరిచ్ఛేదముతో ముగించుటయు నిట్టిదే. ప్రకీర్ణకమనునది గ్రంథకర్త యలసత్వము గాదు. తన కొమ్మలకు లొంగని భాషాంశములు కలవని యతడు చేసిన యొప్పుకోలు. అభ్యసన సాఫ్ట్‌వేరులలో 'ఇతరములు' అను కొమ్మను చిన్నచూపు చూచువా రీ విషయమును తలంపవలెను.

పత్రము నొకచోటినుండి యింకొకచోటికి మార్చినపుడు గలుగు నష్టమునకు వ్యాకరణశాస్త్రచరిత్రలోనే గొప్ప యుదాహరణము కలదు. పాణిని యష్టాధ్యాయి 8 అధ్యాయములు, అధ్యాయమునకు నాలుగేసి చొప్పున 32 పాదములు, సుమారు 4000 సూత్రములు గలది. ఆ సూత్రములలో పెక్కింటికి తమంతట తా మర్థము చెప్పుకొను శక్తి లేదు. ముందు సూత్రమునందలి పదము వెనుకసూత్రమునకు ప్రవహించి వచ్చి దాని యర్థమును పూరించును. దీనినే యనువృత్తి యందురు. గుణసంధిని విధించు సూత్రమున 'అచ్చు పరమైనపుడు' అను మాట లేదు. అది యంతకుముందున్న యణాదేశసూత్రమునుండి దిగివచ్చును. ఆ లాఘవమునకు మూలము స్థానము. అంతేకాదు, రెండు సూత్రములకు విరోధము గలిగినపుడు క్రమమున పరమైనది చెల్లునని యొక నియమము కలదు. ఎనిమిదవ యధ్యాయపు చివరి మూడు పాదములలోని కార్యములు తత్పూర్వసూత్రముల దృష్టిలో అసిద్ధములని మఱియొక నియమము కలదు. కావున పాణినీయమున సూత్రము చెప్పునదెంతయో, అది యున్న చోటు చెప్పునదియు నంతయే.

ఇట్టి గ్రంథమును 17వ శతాబ్దిని భట్టోజిదీక్షితుడు సిద్ధాంతకౌముదిలో సంజ్ఞ, సంధి, సుబంతము, కారకము, సమాసము మున్నగు ప్రకరణముల క్రమమున తిరుగగూర్చెను. ఒక పదమును సాధింపవలసిన విద్యార్థికి దీనివలన గలిగిన సౌకర్య మింతింత యనరాదు. ఆ సౌకర్యముచేతనే కౌముది దేశమంతట పాఠ్యగ్రంథమైనది. కాని సూత్రము తన చోటు విడుచుటతో అనువృత్తి తెగినది. దాని నతడు ప్రతిసూత్రమునకును వృత్తి వ్రాసి పూరింపవలసి వచ్చెను. పూర్వపరవివేచనము గూడ పుస్తకపు వరుసనుండి తెలియరాకపోయెను. అందుచేతనే కౌముదిముద్రణములలో ప్రతిసూత్రము ప్రక్కనను దాని యష్టాధ్యాయీసంఖ్య యిచ్చుట యాచారమైనది. కౌముదిని నిరసించి యష్టాధ్యాయీక్రమమునే పఠింపవలెనను పక్షము వా రుండిరి, ఉన్నారు. వారి యాక్షేపము నిరాధారము కాదు. కాని కౌముది మన కొక మార్గము చూపినది. పత్రమును క్రొత్తకొమ్మకు మార్చవచ్చును. అట్లు మార్చునపుడు తెగిన యనువృత్తిని పత్రముపైననే వ్రాయవలెను. దాని పూర్వస్థానమును సంఖ్యారూపముననైన నిలుపవలెను. నాకు తెలిసినంతలో పాఠ్యవృక్షమును గూర్చిన సూత్రములలో నింతకంటె నుపయుక్తమైనది లేదు.

ఈ దృష్టితో చూచిన మా విద్యార్థిని కార్డుల దోషము తేటపడును. 'పకారమునకు వచ్చునది యేది?' అను ప్రశ్న యనువృత్తి తెగిన సూత్రము. 'ద్రుతము మీది పకారమునకు వచ్చునది యేది?' అని యున్నచో అది తన యర్థమును తానే మోయును. ఏ కొమ్మనుండి తెంపినను వాడదు. ఐనచో రెమ్మ పేరును కార్డుపై ముద్రించిన చాలదా యని శంకింపవచ్చును. చాలదు. 'సరళాదేశసంధి' అను శీర్షిక క్రింద 'పకారమునకు వచ్చునది యేది?' అని యడిగినచో శీర్షికయే సమాధానమును చెప్పివేయుచున్నది. పదమును చూచి యిచట ద్రుతమున్నది, కావున సరళము వచ్చునని పోల్చుకొనుటయే వ్యాకరణజ్ఞానము. శీర్షిక ఆ పోలికకు పని లేకుండ చేయును. కావున అనువృత్తి వేఱు, సూచన వేఱు. ప్రశ్న యర్థమగుటకు వలయునది యనువృత్తి. అది పత్రముపై నుండవలెను. ప్రశ్న యడుగకమున్నే సమాధానమునకు త్రోవ చూపునది సూచన. అది పత్రముపై నుండరాదు. శాఖానామము లీ రెండు పనులను కలిపి చేయుటవలననే వృక్షమును నమ్ముకొన్న విద్యార్థి మోసపోవుచున్నాడు.

సాహిత్యచరిత్రకు వచ్చునప్పటికి సమస్య మఱింత జటిలమగును. వ్యాకరణమున కొమ్మలు శాస్త్రకారుడు నిర్ణయించినవి. సాహిత్యమున కొమ్మలు విమర్శకుని యభిప్రాయములు. వీరేశలింగము కవుల చరిత్రమున కవి ప్రధానము. ఆరుద్ర 1965 నుండి వెలువరించిన సమగ్రాంధ్రసాహిత్యమున యుగములకు రాజవంశముల పేళ్లు. నిడుదవోలు వేంకటరావు దక్షిణదేశీయాంధ్రవాఙ్మయమున దేశము ప్రధానము. ఇవి పరస్పరవిరుద్ధములు కావు. ఒకే యడవిలోనికి వేఱువేఱు దారులు. శ్రీనాథుని రెడ్డిరాజుల యుగమను కొమ్మకు తగిలించితిమనుకొందము. కాశీఖండము రాజమహేంద్రవరపు వీరభద్రారెడ్డి కంకితము గాన నది చక్కగా నతుకును. కాని శృంగారనైషధమునకు కృతిపతి మామిడి సింగన మంత్రి. భీమేశ్వరపురాణమునకు బెండపూడి అన్నయమంత్రి. హరవిలాసమునకు అవచి తిప్పయసెట్టి యను వర్తకుడు. రాజవంశమునుబట్టి పేరిడిన కొమ్మ మంత్రులను, వర్తకులను మఱుగుపఱచును. నైషధమును శ్రీహర్షుని సంస్కృతకావ్యమున కనువాదమను కొమ్మకు మార్చినచో నది తిక్కనాదుల పంక్తిలో నిలుచును. కాశీఖండమును శైవవాఙ్మయమను కొమ్మకు మార్చినచో పాల్కురికి సోమనాథుని పొరుగున నిలుచును. ప్రతిమార్పునను కావ్యమునందలి యొక ముఖము వెలుగును, ఇంకొకటి చీకటిపడును.

పరీక్షార్థులకై వెలసిన యొక సంస్థవారి పాఠ్యసామగ్రి నొకపరి నా విద్యార్థులు నాకు చూపిరి. అందు యుగము, కవి, కృతి యను మూడంతస్తుల వృక్షము దప్ప వేఱొక దారి లేదు. ఆ వృక్షము కంఠస్థమైనవారు హరవిలాసము నే యుగమున వ్రాసిరని యడిగిన తడుముకొనరు; వర్తకులకు కృతులంకితమైన యుదాహరణము చెప్పుడనిన నోరు మెదపరు. వారికి విషయము తెలియును. ఆ దిక్కునుండి దానియొద్దకు దారి మాత్రము లేదు. ఇంతకంటె చింతింపదగినది, యుగవిభజనము విమర్శకులు కల్పించుకొనిన సౌకర్యమను సంగతియే వారికి తెలియకపోవుట. ఫోనులోని కొమ్మ వారికి చరిత్రయే యైనది. భావికాలమున బడిలో తెలుగు చెప్పవలసినవారు వీరే యని తలంచినపుడు ఈ లోపము చిన్నది కాదు.

ఒక పత్రమునకు పలుముఖములు గలవను తత్త్వమును గ్రంథాలయశాస్త్రమున ప్రతిష్ఠించినవాడు మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారియైన ఎస్. ఆర్. రంగనాథన్. 1876లో వెలువడిన డ్యూయీ దశాంశవిభజనము ప్రధానముగా వృక్షము. ప్రతిగ్రంథమునకు ముందే నిర్ణీతమైన యొక కొమ్మ. రంగనాథన్ 1933లో ప్రకటించిన కోలన్ వర్గీకరణమున గ్రంథవిషయము తొలుత ముఖములుగా విడదీయబడి, పిదప ఆ ముఖముల కూర్పుచే దాని సంఖ్య యేర్పడును. దేశము, కాలము మున్నగునవి వేఱువేఱుగా గుర్తింపబడుటచే ఏ ముఖము మఱుగుపడదు. అలమారలో పుస్తకమున కొక్కచోటే యుండక తప్పదు. కంప్యూటరునం దా నిర్బంధము లేదు. లేని నిర్బంధమును మన మలవాటుచే తెచ్చి పెట్టుకొనుచున్నాము.

ఇక నేటి సాఫ్ట్‌వేరుల నీ గుణదోషదృష్టితో పరిశీలింతము. డేమియన్ ఎల్మ్స్ 2006లో వెలువరించిన ఆంకీయందు కార్డుల కట్టలను డెక్కులందురు. డెక్కులో డెక్కును చేర్చి యెన్ని యంతస్తుల వృక్షమునైన పెంచవచ్చును. ఒక కార్డున కొక్క డెక్కే నివాసము. కాని దానికి ట్యాగులను గుర్తులు ఎన్నియైన తగిలింపవచ్చును. రంగనాథన్ చెప్పిన ముఖములకు చోటిచట నున్నది. డెక్కులను చిన్నచిన్నవిగా చీల్చవలదనియు, అట్లు చీల్చినచో కార్డుల వరుసయే సమాధానమును స్ఫురింపజేయుననియు ఆంకీ మార్గదర్శినియే హెచ్చరించుచున్నది. మా విద్యార్థిని యనుభవ మీ హెచ్చరికకు భాష్యము. పోలండు దేశీయుడు ప్యోత్ర్ వోజ్నియాక్ 1987లో నారంభించిన సూపర్‌మెమోయందు విషయవృక్షమును, పునరావృత్తిక్రమమును పరస్పరము వేఱుచేయబడినవి. వృక్షము విద్యార్థి తన సామగ్రిని చక్కబెట్టుకొనుటకు. ఏ పత్ర మేనాడు మఱల రావలెనో నిర్ణయించునది మఱపును గూర్చిన గణితము. కావలసినపు డొక కొమ్మను మాత్రము తిరుగజూచుకొను వీలును కలదు. సిద్ధాంతదృష్టితో నిది యుత్తమమైన యేర్పాటు.

బోధనసంస్థలు వాడు మూడిల్, 2002లో మార్టిన్ డౌగియామస్ వెలువరించినది. అందు పాఠ్యక్రమము భాగములుగను, భాగములు పాఠములుగను నడచును. ప్రశ్ననిధికి మాత్రము వేఱుగా వర్గవృక్షము కలదు. ఈ రెండు వృక్షములను వేఱుగా నుంచి, పలువర్గములనుండి ప్రశ్నలు కలసివచ్చునట్లు చేయు సదుపాయము ఉపాధ్యాయుని చేతిలో నున్నది. దాని నుపయోగించువారు తక్కువ. 2017లో నారంభమైన దీక్షా వేదికయందు తరగతి, మాధ్యమము, విషయము, పుస్తకము, పాఠము అను వరుస గలదు, పాఠ్యపుస్తకమునందలి క్యూ.ఆర్. సంకేతమును ఫోనుతో చూచిన నేరుగా నా పత్రముకడకే చేరవచ్చును. ఇచట ప్రకాండము అచ్చుపుస్తకమే. ఫోను పత్రమును మాత్ర మందించును. పుస్తకము చేతనున్నంతవఱకు బాలుడు తానెచట నున్నది యెఱుగును. పుస్తకము లేని బాలునకు మాత్ర మది గాలిలో వ్రేలాడు పత్రము.

అభ్యాసమున కలగలుపు క్రమ మేల మేలైనదో ఋజువు చేసిన ప్రయోగములు కలవు. 2007లో డగ్ రోరర్, కెల్లీ టేలర్ అనువారు నాలుగు విధముల ఘనాకృతుల పరిమాణమును గణించు లెక్కలను కొందఱచేత రకము వెంట రకముగను, మఱి కొందఱచేత కలగలుపుగను చేయించిరి. అభ్యాసవేళ మొదటివారికి నూటికి 89 వంతులు సరిపోగా రెండవవారికి 60 మాత్రమే సరిపోయినవి. వారము గడచి పరీక్షింపగా మొదటివారికి 20, రెండవవారికి 63. రకము తెలిసి లెక్క చేయుట సులువు. లెక్కను చూచి రకమును పోల్చుట చదువు. మన వేదాధ్యాయులు పదములను వరుసగా వల్లించుటతో తృప్తిపడక, క్రమమున రెండేసి పదములను, జటలో వానినే ముందువెనుకలుగను, ఘనలో మూడేసి పదములను తిరుగవేసి పఠింతురు. దాని ప్రధానప్రయోజనము పాఠరక్షణము, అర్థగ్రహణము కాదని యెఱుగుదును. ఐనను ఒకే వరుసకు బానిసయైన ధారణము నమ్మరానిదను నెఱుక దానియందు స్పష్టము.

ఇట్లయిన వృక్షమే యక్కఱలేదు, వెదకు సాధనముండ కొమ్మలేల యను నవీనపక్షమొకటి కలదు. దీనికి మా జిల్లావాడైన పూర్వుని యుదాహరణమునే చెప్పుదును. పెనుగంచిప్రోలున 1877లో జన్మించిన కొమఱ్ఱాజు లక్ష్మణరావు ఆంధ్రవిజ్ఞానసర్వస్వమును అకారాదిక్రమమున నారంభించెను. 1923లో నతని మరణముతో నా మహాకార్యము తొలి యక్షరముల యొద్దనే యాగినది. తరువాత తెలుగు భాషాసమితివారు తమ విజ్ఞానసర్వస్వమును విషయమునకొక సంపుటముగా కూర్చిరి. అకారాదిక్రమము గాని, నేటి వెదకు సాధనము గాని, తనకు కావలసినదాని పేరెఱిగినవాని కుపకరించును. పేరే యెఱుగని బాలుడు దేనిని వెదకును? అవచి తిప్పయసెట్టి పేరు విననివా డా పేరును వెదకడు. ఎఱుగనిదానిని పొరుగున చూపి పరిచయము చేయునది వృక్షమొక్కటియే. కావున వృక్షమును త్రోసివేయుట యువ్వెత్తున లేచిన తొందరపాటు.

పైవిచారణవలన నాకు తేలిన నిర్ణయములివి. మొదటిది, పాఠ్యవృక్షము పరిచయమునకును, స్థాననిర్ణయమునకును సాధనము. అభ్యాసమున దాని క్రమమును విడువవలెను. రెండవది, ప్రతిపత్రము తన యనువృత్తిని తానే మోయవలెను. సమాధానసూచనను మాత్రము మోయరాదు. మూడవది, పత్రమున కొక నివాసమున్నను పలుముఖములు గుర్తింపబడవలెను. ఇమడనివానికై నానార్థవర్గమువంటి తావు వదలవలెను. నాలుగవది, కొమ్మ యెవరి యభిప్రాయమో విద్యార్థికి తెలియజెప్పవలెను. ఈ నాల్గవది సాఫ్ట్‌వేరుచే కాదు, ఉపాధ్యాయునిచేతనే కావలెను. ఒకే కావ్యమును రెండు వృక్షములలో నుంచి చూపి, ఎచట నేమి మఱుగుపడినదో విద్యార్థులచేతనే చెప్పించుట కొక గంట చాలును.

మా విద్యార్థిని తన సంధికార్డులను తిరుగవ్రాసికొన్నది. రెమ్మలను తీసివేయలేదు, క్రొత్తపాఠమును మొదట రెమ్మలోనే చదివి, పిదప కలగలుపులో వదలుచున్నది. ఇప్పటి ప్రశ్నలు వెనుకటివానికంటె దీర్ఘములు. తప్పులును తొలిదినములలో నెక్కువగనే వచ్చినవి. కాని యిటీవల నొకనాడు తరగతిలో పద్యము చదువుచు, శీర్షిక యేదియు లేని యొక పాదమున సరళాదేశమును తనంతట తానే పట్టి చూపినది. పాఠ్యవృక్షమునకు ఫలమనదగినది యిట్టిదేయని నా విశ్వాసము.